ఎనిమిదేళ్ళుగా సెట్ దోసె తింటున్నాను, నాకది ఇష్టం లేదు

మారతహళ్ళి_మౌని · జులై 3, రాత్రి 11:52

నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. నోటితో కాదు కాబట్టి ధైర్యం చేస్తున్నా. నాకు నత్తి.

వయసు 32. ఊరు మార్కాపురం పక్కన. బెంగళూరు వచ్చి ఎనిమిదేళ్ళు. ఆఫీసులో ఈ సంగతి ఒక్కరికీ తెలియదు. అదెలా అంటారేమో. నాకు 'మ', 'ప', 'బ' దగ్గర మాట ఆగుతుంది. పెదాలు రెండూ అతుక్కుపోతాయి, గాలి కదలదు. అందుకని ఆ అక్షరం వస్తోందని రెండు మాటల ముందే పసిగట్టి సందులోకి తిరిగిపోతాను. దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటల్లో, మసాలా దోసె తినాలని ఉంటుంది. కౌంటర్ దగ్గర 'మ' రాదు, వెనక పదిమంది నిలబడి ఉంటారు. "సెట్ దోసె" అనేస్తాను. ఆ మెత్తటి మూడు దోసెలంటే నాకు మొదటినుంచీ పడదు.

మెజెస్టిక్‌లో 335ఈ ఎక్కితే దిగాల్సింది మారతహళ్ళి. కండక్టరుతో "కుందలహళ్ళి గేట్" అని చెప్పి, ఎక్కువ టికెట్ కొని, ముందే దిగిపోతాను. నేనుండే చోటు పేరే నేను పలకలేను.

పొద్దున 9:45కి స్టాండప్ కాల్. అందరూ చివర్లో "నో బ్లాకర్స్" అంటారు, పనికి అడ్డంకులేమీ లేవని. నాకు ఆ మాటే బ్లాకరు. "ఆల్ క్లియర్" అంటాను.

పేరు మాత్రం మార్చి చెప్పలేం కదా. నా పేరు 'ప'తో మొదలు. చేరిన రోజు పరిచయాల్లో, మనవాళ్ళ పద్ధతిలో ఇంటిపేరు ముందు పెడితే ఆ ఊపులో అసలు పేరు కూడా వచ్చేస్తుందనుకున్నా. రాలేదు. ఇంటిపేరు దగ్గరే ఆగిపోయా. అప్పటినుంచి ఆఫీసంతా నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తుంది. పేరు పెట్టి పిలిచేది అమ్మ, అక్క అంతే.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, టీమ్ లీడ్‌గా ఉండమని రెండుసార్లు అడిగితే "నాకు కోడింగే ఇష్టం" అని తప్పించుకున్నాను. మూడోసారి అడిగారు, ఈ నెలాఖరులోగా చెప్పాలి. దానికి తోడు ఇంట్లో సంబంధం చూశారు. శ్రావణంలో పెళ్ళిచూపులు. మావాళ్ళు "అబ్బాయి మితభాషి, బుద్ధిమంతుడు" అని చెప్పుకుంటూ వస్తున్నారు. నేను మితభాషిని కాదండీ. కడుపు నిండా కబుర్లే. రేపు "మీరిద్దరూ కాసేపు మాట్లాడుకోండి" అని మేడ మీదికి పంపుతారు. అక్కడ ఏం చేయను?

ఒంగోలు_గిత్త · జులై 4, ఉదయం 7:10

బ్రదర్, ఇదంతా మనసులోదే. ధైర్యే సాహసే లక్ష్మీ. రోజూ అద్దం ముందు నిలబడి అరగంట పేపరు గట్టిగా చదువు. గ్రీకు దేశంలో డెమోస్తనీస్ అని ఒకాయన నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని మాట్లాడి పెద్ద వక్త అయ్యాడంటారు. మా మేనమామకి చిన్నప్పుడు వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాస్తే పోయింది.

కడప_కారం · జులై 4, ఉదయం 8:33

గులకరాళ్ళు నేనూ పెట్టుకున్నా సామీ, ఏడో తరగతిలో, పెన్నా నుంచి తెచ్చుకుని మరీ. ఒకటి మింగినా. నత్తి పోలేదు.

మౌనీ, నాకు 46. బీటీఎంలో ఉంటా. నాకూ నత్తే, ఇప్పటికీ. నీ సెట్ దోసె చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను 38 ఏళ్ళ దాకా కాఫీ తాగేవాణ్ణి. నాకిష్టం టీ.

నా సంగతి చెప్తా. అప్పుడు మా పాపకి ఏడేళ్ళు. ఫోన్ మోగితే అది పరుగెత్తి ఎత్తి "నాన్న స్నానం చేస్తున్నాడు" అనేది. నేను పక్కనే సోఫాలో కూర్చుని ఉంటా. ఎవరు నేర్పినారు? ఎవరూ నేర్పలేదు. నా మొహం చూసి నేర్చుకుంది. ఒకరోజు అలాగే చెప్పి పెట్టేసి నా వైపు చూసి, పని బాగా చేశానా అన్నట్టు తలూపింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నత్తి నాదైతే అబద్ధం దానికి అంటుకుంది. తెల్లారి ఆ నంబరుకి నేనే ఫోన్ చేసినా. గ్యాస్ స్టవ్ రిపేరు చేసేవాడు. "హలో" అనడానికే ఇంతసేపు పట్టింది. వాడు ఆగినాడు. అంతే కథ, సినిమా ఏం లేదు.

చెన్నపట్నం_వాణి · జులై 4, మధ్యాహ్నం 1:20

నేను స్పీచ్ థెరపిస్టుని. మైసూరులో 1965లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన వాక్ శ్రవణ సంస్థ ఉంది, అందరూ ఆయిష్ అంటారు, అక్కడ చదువుకున్నా. ఇప్పుడు చెన్నైలో పనిచేస్తున్నా.

గిత్తగారూ, అద్దం ముందు చదివితే నత్తి రాదు. ఒంటరిగా ఉంటే చాలామందికి రాదు. పాట పాడితే రాదు, గుళ్ళో పదిమందితో కలిసి విష్ణుసహస్రనామం చదివినా రాదు. కాబట్టి అద్దం ముందు సాధన అంటే గట్టు మీద ఈత నేర్చుకోవడమే. మీ మేనమామగారి సంగతికి వస్తే, చిన్నప్పుడు నత్తి వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి అది దానంతట అదే పోతుంది. వసకొమ్ముకి ఆ పేరు ఊరికే దక్కింది. పసిపిల్లలకి వస పెట్టకండి, వాంతులవుతాయి.

నత్తి భయంవల్ల రాదు. పెంపకంవల్లా రాదు. మెదడులో మాటకి టైమింగ్ కుదిర్చే ఏర్పాటులో తేడా, చాలావరకు వంశపారంపర్యం. పెద్దవాళ్ళలో సుమారు నూటికి ఒకరికి ఉంటుంది, ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో నాలుగింతలు. భయం తర్వాత వచ్చి కూర్చుంటుంది, కూర్చున్నాక ఇల్లంతా తనదే అంటుంది. జోసెఫ్ షీహన్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు, తనకూ నత్తే, దీన్ని సముద్రంలో మంచుకొండతో పోల్చాడు. వినబడే నత్తి పైన తేలే కొస. సిగ్గు, భయం, తప్పించుకోవడం నీళ్ళ కింద ఉన్న కొండ. మౌనిగారికి పైన కొస కూడా కనబడదు, మొత్తం నీళ్ళలోనే ఉంది. ఇలాంటివాళ్ళే నా దగ్గరికి అందరికంటే ఆలస్యంగా వస్తారు. వచ్చేసరికి బాగా అలిసిపోయి ఉంటారు.

మారతహళ్ళి_మౌని · జులై 4, రాత్రి 10:05

అలసట అన్నమాట నిజం. తొమ్మిది గంటల పనిలో పని సగం, మాటలు వెతుక్కోవడం సగం.

బళ్ళో హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనాలి. 'ప' కదా. "ఎస్ సార్" అంటే మా సారు ఒప్పుకునేవాడు కాదు. ఎదురుగా మొదటి బెంచీలో కూర్చునే నేను ఆబ్సెంట్. నెలాఖరుకి హాజరు తక్కువైందని నాన్నని పిలిపించారు.

వైట్‌ఫీల్డ్_విశ్వం · జులై 4, రాత్రి 10:48

అందరూ కన్నీళ్ళు పెట్టుకునే ముందు ఒక మాట. నేను మేనేజర్ని. 14 మంది నా కింద పనిచేస్తారు. ఆఫీసులో చెప్పొద్దు తమ్ముడూ. అప్రైజల్ ఫారంలో 'కమ్యూనికేషన్' అని ఒక గడి ఉంటుంది, ఎవరికైనా తగ్గించాలంటే మొదట చెయ్యి పడేది అక్కడే. చట్టం కాపాడుతుందనుకుంటున్నావేమో. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు రాశారు, అందులో మాటకి సంబంధించినదీ ఉంది. కానీ వాళ్ళిచ్చిన ఉదాహరణలు స్వరపేటిక తీసేసినవాళ్ళు, పక్షవాతంలాంటి వాటివల్ల మాట పడిపోయినవాళ్ళు. నత్తికి సర్టిఫికెట్ తెచ్చుకోవడం తేలిక కాదు. ఉన్నది ఉన్నట్టు బతకడం బాగానే ఉంటుంది, ఈఎంఐ కూడా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

కడప_కారం · జులై 4, రాత్రి 11:15

విశ్వం గారు చెప్పిన గడి నిజమే, నేనూ దెబ్బ తిన్నా. కానీ ఒకటి. ఎవరికీ తెలియదని మౌని అనుకుంటున్నాడు. ఎనిమిదేళ్ళు పక్కసీట్లో కూర్చున్నోళ్ళకి ఏదో ఒకటి తెలిసే ఉంటుంది. నత్తి అని తెలియదు, అంతే. ఇంకేదో అనుకుంటూ ఉంటారు.

హొసూరు_కోడలు · జులై 5, ఉదయం 6:40

కారం గారూ, అక్షరాలా. మా ఆయన పెళ్ళికి ముందు నాతో నాలుగు నెలలు మెసేజుల్లోనే మాట్లాడాడు. ఫోన్ చేస్తే కట్ చేసి "మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేవాడు. రాత్రి పదకొండింటికి ఏం మీటింగు? నేను ఏమనుకున్నానో తెలుసా, పొగరు అనుకున్నా. మా అక్కయితే ఇంకెవరో ఉండుంటారంది. పెళ్ళయిన మూడోరోజు తెలిసింది, నత్తి అని. నత్తికి నాకు కోపం రాలేదు. ఆ నాలుగు నెలలు నేను ఏడ్చిన ఏడుపుకి వచ్చింది. అది తగ్గడానికి రెండేళ్ళు పట్టింది.

మౌనిగారూ, మేడ మీద దాకా ఆగకండి. ముందే చెప్పేయండి. ఆ అమ్మాయికి నిర్ణయం తీసుకోవడానికి కాస్త సమయం ఇవ్వండి.

మోడరేటరు · జులై 5, ఉదయం 9:00

"21 రోజుల్లో నత్తి మాయం, డబ్బు వాపసు గ్యారంటీ" అని పెట్టిన పోస్టు తీసేశాను. ఆ సభ్యుడు మళ్ళీ పెడితే ఖాతా కూడా పోతుంది.

ఇంకో మాట. భయం, దిగులు ఎక్కువై నిద్ర కూడా పట్టకపోతే టెలీ మానస్ నంబరు 14416. 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

కడప_కారం · జులై 5, ఉదయం 9:04

నత్తోడికి ఫోన్ నంబరు ఇచ్చినారు. మీ మేలు మర్చిపోం.

కరీంనగర్_కిరాక్ · జులై 5, ఉదయం 11:30

అన్నా నాకు నత్తి లేదు గానీ గదే భయం ఉన్నది. ఇంగ్లీషు. మీటింగ్ల నాకు జవాబు తెలిసినా నోరు తెర్వ. నేను చాట్ల రాస్త, పక్క సీటాయన అదే చదివి చెప్పి మెప్పు కొట్టేస్తడు. మూడేండ్ల సంది ఇదే. నీ పోస్టు సదివినంక నా సెట్ దోసె ఏందో నాకు ఎరుకైంది.

వేళచ్చేరి_అమ్మ · జులై 5, మధ్యాహ్నం 3:15

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, వాణిగారిని ఒకటి అడగాలి. మా బాబుకి నాలుగేళ్ళు. ఐదు నెలలుగా "నా నా నా నాకు" అంటున్నాడు. మా అత్తగారు నేను వాణ్ణి అరవడంవల్లే అంటున్నారు. "నెమ్మదిగా చెప్పు నాన్నా" అని రోజూ చెప్తున్నాను.

చెన్నపట్నం_వాణి · జులై 5, సాయంత్రం 6:02

మీ అరుపులవల్ల రాలేదమ్మా. అత్తగారికి ఈ పోస్టు చూపించండి. ఆరు నెలలు దాటినా, ఇంట్లో ఇంకెవరికైనా నత్తి ఉన్నా, మాట దగ్గర బాబు మొహం బిగపడుతున్నా ఆగకుండా చూపించాలి. మీకు ఐదు నెలలైంది కాబట్టి ఇప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకోండి. "నెమ్మదిగా చెప్పు" అనడం మానేయండి, మీరే కాస్త నెమ్మదిగా మాట్లాడండి. వాడి మాట మీరు పూర్తి చేయకండి. వాడు ఎలా చెప్తున్నాడో కాకుండా ఏం చెప్తున్నాడో వినండి.

ఇక మౌనిగారికి. మీరు సెట్ దోసె అన్న క్షణం గుండె తేలికపడుతుంది కదా? ఆ తేలికే మీ జబ్బుకి మేత. 'మసాలా అని ఉంటే కొంప మునిగేది, తప్పించుకున్నాను' అని మెదడు రాసుకుంటుంది. అనలేదు కాబట్టి కొంప మునిగేదో లేదో దానికి ఎప్పటికీ తెలియదు. అందుకే ఎనిమిదేళ్ళయినా భయం పాతబడలేదు. భయం పోయాక మాట్లాడదాం అని కూర్చుంటే ఆ రోజు రాదు.

నేను ఇచ్చే పని మీకు విడ్డూరంగా ఉంటుంది. నత్తి రాకుండా మాట్లాడమని నేను చెప్పను. కావాలని నత్తిగా మాట్లాడండి. చార్లెస్ వాన్ రైపర్ అని ఈ రంగంలో పెద్దాయన, ఆయనకీ నత్తే. నత్తిని అణచడం కాకుండా బిగింపు లేకుండా తేలిగ్గా నత్తిగా మాట్లాడడం నేర్పాడు. మొదట మీకు ఇబ్బంది లేని అక్షరం మీద చేయండి. కూరల బండి దగ్గర "ట్-ట్-టమాటా ఎంత" అనండి. అవతలివాళ్ళ కళ్ళలోకి చూస్తూ అనాలి, అదే కష్టం. ఆ తర్వాత 'మ' దగ్గరికి రండి. మాట మార్చకూడదు, ఎంతసేపైనా సరే.

ఒంటరిగా వద్దనుకుంటే బెంగళూరులో నిమ్‌హాన్స్‌లో వాక్ చికిత్స విభాగం ఉంది. నత్తి ఉన్నవాళ్ళే నడుపుకునే ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ ఉంది, టీసా అంటారు, చాలా ఊళ్ళలో బృందాలున్నాయి.

కడప_కారం · జులై 5, సాయంత్రం 6:30

శనివారం 12న బసవనగుడి వైపు రా. టిఫిన్ నాది. ఆర్డర్ నీది.

సిల్కుబోర్డు_బాధితుడు · జులై 5, సాయంత్రం 6:41

ఆ వైపు సాంబారులో బెల్లం వేస్తారు, భయపడాల్సింది దానికి.

మారతహళ్ళి_మౌని · జులై 12, రాత్రి 9:25

వెళ్ళాను.

ముందు ఈ వారం లెక్క. టమాటా బండి దగ్గర మూడుసార్లు ప్రయత్నించా. రెండుసార్లు అసలు నోరే తెరవకుండా ఏరుకుని చేతికిచ్చేశా. మూడోసారి "ట్-ట్-ట్" అన్నాను. ఆమె "అర్వత్తు" అంది, అరవై అని, ఎదురుగా ఇంకొకావిడకి సంచి అందిస్తూ. నా వైపు చూడనేలేదు.

ఇవాళ కారం గారు కౌంటర్ పక్కన నిలబడ్డారు. నా వంతు వచ్చింది. "రెండు సెట్ దోసె" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ దోసెలు తీసుకొచ్చి నిలబడి తిన్నాం. ఆయన తింటూ "బాగానే ఉన్నాయి గదా" అన్నారు. నాకు గొంతు దిగలేదు.

చెయ్యి కడుక్కుని మళ్ళీ క్యూలో నిలబడ్డా. కౌంటర్ ఆయన తలెత్తాడు. పెదాలు అతుక్కున్నాయి. ఎంతసేపో నాకు తెలియదు, కారం గారు ఐదారు సెకన్లే అంటున్నారు. వెనక ఎవరో చిల్లర గలగలలాడించారు. కౌంటర్ ఆయన "మసాలేనా?" అన్నాడు. తలూపితే అయిపోయేది. చెయ్యి అడ్డం పెట్టి ఆగమన్నాను. "మ్...మ్...మసాలా దోసె" అన్నా. టోకెన్ ఇచ్చాడు. అంతే. "నెక్స్ట్" అన్నాడు.

చేతులు ఎంత వణికాయంటే చట్నీ చొక్కా మీద పడింది. నిజం చెప్పాలంటే దోసె అంత గొప్పగా ఏం లేదు. లోపల ఎర్ర చట్నీ మరీ ఎక్కువ.

ఒంగోలు_గిత్త · జులై 12, రాత్రి 9:50

ఎర్ర చట్నీనే కదయ్యా బెంగళూరు దోసెకి ప్రాణం. సరేగానీ, నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. మా మేనమామకి ఫోన్ చేసి అడిగా. పోలేదంట. ఆయన మాట్లాడడం తగ్గించుకున్నాడంట, మాకు తెలియలేదు.

వైట్‌ఫీల్డ్_విశ్వం · జులై 13, ఉదయం 8:12

దోసె వేరు, అప్రైజల్ వేరు. నా మాట మీదే ఉన్నాను. కానీ టమాటా బండి దాకా వెళ్ళినందుకు శభాష్.

మారతహళ్ళి_మౌని · ఆగస్టు 2, రాత్రి 10:30

ఆలస్యంగా రాస్తున్నా.

మేనేజరుకి చెప్పాను. విశ్వం గారి భయం నాకూ ఉంది కాబట్టి ముందు చాట్‌లో రాసిపెట్టి, తర్వాత గదిలో నోటితో చెప్పా. ఆయన "ఓహ్, నీకు మాతో కలవడం ఇష్టం లేదేమో అనుకున్నాను" అన్నాడు. కారం గారు చెప్పిందే. తర్వాత వెంటనే "అయితే 18న డెమో నువ్వు ఇస్తావా?" అన్నాడు. ఇస్తానన్నా. లీడ్‌కి కూడా సరే అన్నా. ఆ గడిలో ఏం పడుతుందో మార్చిలో చూడాలి, విశ్వం గారికి తప్పకుండా చెప్తా.

సంబంధం సంగతి. అమ్మకి చెప్పకుండా ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె "హలో, హలో" అంది. నా వైపు నుంచి ఏమీ రాలేదు. సిగ్నల్ లేదనుకుని కట్ చేసింది. మళ్ళీ చేశా. "నాకు నత్తి, ఆగుతాను, కట్ చేయకండి" అన్నాను. మొదటి వాక్యంలో నాకు కష్టమైన అక్షరం లేదని ఇప్పుడు గమనిస్తున్నా, అలవాటు పోలేదు. ఆమె "సరే, చెప్పండి" అంది. 40 నిమిషాలు మాట్లాడుకున్నాం. నా నత్తి గురించి మొదటి ఐదు నిమిషాలే. మిగతాదంతా ఆమెకి బెంగళూరు రావడం ఇష్టమో కాదో తేలని గొడవ.

మూడోరోజు వాళ్ళ నాన్న మధ్యవర్తికి ఫోన్ చేసి గణాలు కుదరలేదన్నారు. నిజంగా గణాలేనో, నత్తేనో, బెంగళూరో. అమ్మ మాత్రం "ఎందుకు చెప్పావురా, పెళ్ళయ్యాక తెలిసేది కదా" అని రెండు రోజులు మాట్లాడలేదు. హొసూరు కోడలిగారి పోస్టు అమ్మకి చదివి వినిపించా. చివరిదాకా వింది. "ఆ పిల్ల ఏడ్చిందా పాపం" అంది.

ఒకటి చెప్పాలి. బాధగానే ఉంది. కాదనిపించుకున్నాను కదా. కానీ ఇంతకుముందు కాదన్న సంబంధాలన్నీ ఎవరో మితభాషి బుద్ధిమంతుడికి వచ్చినవి. ఇది నాకు వచ్చింది.

హొసూరు_కోడలు · ఆగస్టు 2, రాత్రి 10:58

ఇది మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. వంటింట్లోకెళ్ళి టీ పెడుతున్నాడు.

కరీంనగర్_కిరాక్ · ఆగస్టు 3, ఉదయం 10:20

అన్నా, నేను మొన్న మీటింగ్ల చెయ్యి లేపిన. గ్రామర్ అంత తప్పే. పక్క సీటాయన మొకం సూడాలె.

మారతహళ్ళి_మౌని · ఆగస్టు 4, రాత్రి 9:15

ఇవాళ టీమ్‌లోకి కొత్తమ్మాయి చేరింది. పరిచయాల్లో నా వంతు వచ్చినప్పుడు పేరు ముందు పెట్టి చెప్పాను. చాలాసేపు పట్టింది. కాల్ అయ్యాక పాత స్నేహితుడు వచ్చి "అది నీ పేరా? ఇన్నేళ్ళూ నిన్ను ఇంటిపేరుతో పిలుస్తుంటే ఊరుకున్నావేంట్రా" అని నా మీదే కోప్పడ్డాడు.

కడప_కారం · ఆగస్టు 4, రాత్రి 9:31

నెల నుంచి ఇంత కథ విన్నాం, ఆ పేరేందో మాకు చెప్పలేదు. దోసె తిన్న రోజు నేనూ అడగలేదు.

మారతహళ్ళి_మౌని · ఆగస్టు 4, రాత్రి 9:40

ఇక్కడ టైప్ చేయడం తేలికే. అందుకే చేయను. వరలక్ష్మీ వ్రతం అయిన తర్వాతి ఆదివారం, 10న, కబ్బన్ పార్కులో కలుద్దాం. మెట్రో స్టేషన్ వైపు గేటు, పొద్దున తొమ్మిదికి. అక్కడ చెప్తాను.

సిల్కుబోర్డు_బాధితుడు · ఆగస్టు 4, రాత్రి 9:44

నేనూ వస్తా. నువ్వు తొమ్మిదింటికి మొదలుపెట్టు, నేను సిల్కుబోర్డు ట్రాఫిక్ దాటి వచ్చేసరికి పూర్తవుతుంది.

మారతహళ్ళి_మౌని · ఆగస్టు 4, రాత్రి 9:46

నీకంటే నేనే ముందు చేరతా. పందెం, మసాలా దోసె.